బెస్సీ స్మిత్‌కు రావలసిన బాకీ

బెస్సీ స్మిత్ పేరు విన్నవాళ్లలో చాలామందికి ఆమె పాట కంటే ముందు ఆమె చావు కథ తెలుసు. 1920లలో అమెరికా బ్లూస్ పాటకు మహారాణిగా వెలిగిన ఈ నల్లజాతి గాయని 1937 సెప్టెంబరులో మిసిసిపీ రాష్ట్రంలో కారు ప్రమాదంలో గాయపడిందనీ, తెల్లవాళ్ల ఆసుపత్రిలో ఆమెను గడప తొక్కనివ్వలేదనీ, రక్తం కారిపోయి ప్రాణం వదిలిందనీ ఆ కథ. రెండు నెలలు తిరక్కుండానే జాన్ హామండ్ అనే రికార్డుల నిర్మాత ‘డౌన్‌బీట్’ పత్రికలో దాన్ని రాశాడు. ఇరవై ఏళ్లు దాటాక ఎడ్వర్డ్ ఆల్బీ దాని మీద నాటకమే రాశాడు. ఆ తర్వాత పుస్తకాల్లో, రికార్డుల అట్టల మీద, ఉపన్యాసాల్లో అది తిరుగుతూనే ఉంది. కానీ అలా జరగలేదు. జరగలేదని తేలి యాభై ఏళ్లు దాటినా కథ చావకపోవడానికి కారణం ఊహించగలం. దుర్మార్గం ఎలా ఉంటుందని మనం అనుకుంటామో అది అచ్చం అలాగే ఉంది: ఒక చీకటి రాత్రి, ఒక మూసిన తలుపు, ఒక రాతిగుండె. బెస్సీకి అన్యాయం జరిగిన మాట నిజం. అది పట్టపగలు, న్యూయార్క్ నగరంలో, ఎంతో మర్యాదగా, ఆమె చేత సంతకం పెట్టించుకుని మరీ జరిగింది. చావు కథ మోత ఎక్కువైన కొద్దీ ఆమెకు రావలసిన ఈ బాకీ లెక్క ఎవరికీ పట్టకుండా పోయింది. ఆ లెక్కనూ, ఆ లెక్కకు మూలమైన పాటనూ విడదీయకుండా చూస్తే తప్ప బెస్సీ స్మిత్ ఎవరో అర్థం కాదని నా వాదన.

ముందు ఆ రాత్రి సంగతి తేల్చుకుందాం. 1937 సెప్టెంబరు 26 తెల్లవారుజామున ఆమె మెంఫిస్ నుంచి క్లార్క్స్‌డేల్ వైపు 61వ నంబరు హైవే మీద వెళుతోంది. బండి నడుపుతున్నది ఆమె జీవిత సహచరుడు రిచర్డ్ మోర్గన్. ముందున్న లారీని కారు వెనకనుంచి గుద్దింది. ఆమె కుడి చెయ్యి మోచేతి దగ్గర దాదాపు తెగిపోయింది. చేపల వేటకు బయల్దేరిన మెంఫిస్ డాక్టరు హ్యూ స్మిత్ ఆ దారిన వస్తూ ఆగి, రోడ్డు మీదే ప్రథమ చికిత్స చేశాడు. ఆయన తెల్లవాడు. అంబులెన్సు ఆమెను నేరుగా క్లార్క్స్‌డేల్‌లోని నల్లవాళ్ల ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ చెయ్యి తీసేశారు. మధ్యాహ్నం కాకముందే ఆమె చనిపోయింది. క్రిస్ ఆల్బర్ట్‌సన్ 1972లో ప్రచురించిన జీవిత చరిత్ర కోసం ఈ డాక్టరును వెతికి పట్టుకుని మాట్లాడాడు. మిసిసిపీ డెల్టాలో ఏ అంబులెన్సు డ్రైవరైనా నల్లమనిషిని తెల్లవాళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లాలని కలలో కూడా అనుకోడని ఆయన చెప్పాడు. అంటే గుమ్మం దగ్గర తిప్పి పంపడం అనే ఘట్టానికి తావే లేదు. తాను రాసింది విన్నమాటల మీద ఆధారపడినదేనని హామండ్ కూడా తర్వాత ఒప్పుకున్నాడు.

వివరాలు తప్పయినా సారాంశం నిజమే కదా, వేర్వేరు ఆసుపత్రులు ఉన్న వ్యవస్థే నేరం కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. ఒకే ఊళ్లో చర్మం రంగును బట్టి రెండు ఆసుపత్రులు పెట్టుకున్న సమాజం ఎన్నో ప్రాణాలు తీసింది. వేరే ఊళ్లలో వేరే మనుషులకు అచ్చంగా ఇలాంటి తిరస్కారమే ఎదురైంది కూడా. అయితే ఒకరికి జరిగినదాన్ని మరొకరి పేర రాస్తే ఇద్దరి చరిత్రా పాడవుతుంది. అంతకంటే పెద్ద నష్టం మరొకటుంది. ఈ కథ నేరాన్ని పేరు లేని ఒక ఆసుపత్రి గుమాస్తా మీద వేస్తుంది, దక్షిణాది మీద వేస్తుంది, ఒక్క రాత్రికి కుదిస్తుంది. ఉత్తరాదిలో సంగీతాన్ని ప్రేమించే చదువుకున్న మనిషి ఇది చదివి కన్నీళ్లు పెట్టుకుని, తన ఇంట్లో ఉన్న బెస్సీ రికార్డును తృప్తిగా వినవచ్చు. ఆ రికార్డుకు తాను ఇచ్చిన డబ్బు ఎవరికి చేరిందో అడగనక్కర్లేదు. హామండ్ వ్యాసంలోనే ఆమె పాటలతో త్వరలో రాబోతున్న స్మారక ఆల్బం సంగతీ ఉంది. ఆయన కుట్ర చేశాడని నేననను. నల్ల సంగీతకారుల కోసం ఆయనంత పాటుపడిన తెల్లవాళ్లు ఆ రోజుల్లో చాలా తక్కువ. కానీ ఆ వ్యాసంలోనే ఉన్న ఆ రెండు సంగతులను కలిపి చదివినవాళ్లు తక్కువ.

ఆమె పుట్టింది టెనసీ రాష్ట్రంలోని చటనూగాలో. 1894 ఏప్రిల్ 15 అని సాధారణంగా రాస్తారు. 1900 నాటి జనాభా లెక్కల్లో 1892 అని ఉంది. కూలిపని చేసుకుంటూ బాప్టిస్టు బోధకుడిగా కూడా ఉన్న తండ్రి ఆమె పసితనంలోనే పోయాడు. తొమ్మిదేళ్లు వచ్చేసరికి తల్లీ లేదు. అక్క వయోలా చాకిరీ చేసి సంసారం లాగుతుంటే, బెస్సీ సోదరుడు ఆండ్రూను వెంటబెట్టుకుని వీధి మూలల్లో పాడేది. అతను గిటారు వాయించేవాడు. 1912లో అన్న క్లారెన్స్ పనిచేస్తున్న నాటక బృందం ఊరికి వస్తే అందులో చేరింది, అదీ నర్తకిగా. గాయని స్థానం అప్పటికే మా రైనీది. బ్లూస్‌కు తల్లిలాంటిదని ఈనాటికీ పేరున్న రైనీ దగ్గరే బెస్సీ పాట నేర్చుకుందని ఒక ప్రచారం. పెద్దామె పాడుతుంటే పక్కనుంచి చూసి స్టేజీ మీద ఎలా నిలబడాలో గ్రహించి ఉంటుంది, అంతవరకు నమ్మవచ్చు. తర్వాతి పదేళ్లూ అట్లాంటాలోని ‘81’ థియేటరు మొదలు డేరాలు, చిన్నచిన్న హాళ్లు, నల్ల ప్రేక్షకుల కోసం నడిచే థియేటర్ల సర్క్యూట్లు. మైకు లేదు. చివరి బెంచీ మీద కూర్చున్న పత్తి కూలీకి మాట వినపడాలి, అర్థం కావాలి. ఆమె గొంతు తయారైన బడి అది.

బ్లూస్ పాట కట్టడి చాలా చిన్నది. ఒక పాదం అంటారు, దాన్నే దాదాపు అలాగే మళ్లీ అంటారు, మూడోసారి దానికి జవాబు చెబుతారు. పన్నెండు తాళపు వరసల్లో అంతా ముగుస్తుంది, మళ్లీ మొదలవుతుంది. మాట ఆగిన చోట పియానోనో కార్నెట్ అనే బాకానో బదులు పలుకుతుంది. అందులో మూడో స్వరమూ ఏడో స్వరమూ పాశ్చాత్య పియానో మెట్ల మధ్య ఎక్కడో జారి నిలుస్తాయి. గమకం విన్న చెవికి ఆ జారుడు కొత్తగా అనిపించదు, దాని పని మాత్రం వేరు. ఇంత ఇరుకు చట్రంలో గాయని చేయగలిగింది ఏముంటుందని అనుమానం రావచ్చు. బెస్సీ చేసింది చాలా ఉంది. మాతృకలో ఎక్కువ స్వరాలుంటే వాటిని తగ్గించి, నాలుగైదు స్వరాల్లోనే పాటను నడిపేది. ఒక కేంద్ర స్వరాన్ని పట్టుకుని, దాని చుట్టూ కింది నుంచి ఎక్కుతూ, మాట చివర కిందికి వదిలేస్తూ ఉండేది. ఊపిరి తీసుకోవడానికి అందరూ ఆగే చోట ఆగదు. వాక్యాన్ని ఊహించని మాట దగ్గర విరుస్తుంది, దాంతో ఆ తర్వాతి మాట మీద మన దృష్టంతా పడుతుంది. తాళం కంటే కొంచెం వెనకగా అడుగేసి, చివరికి దాన్ని అందుకుంటుంది. ఉచ్చారణ ఎంత స్పష్టమంటే, అరిగిపోయిన పాత రికార్డు మీద కూడా ఒక్క మాట పోదు. పుట్టుకతో గొప్ప గొంతు వచ్చింది, ఆమె దుఃఖమే పాటగా పొంగింది అని రాసేవాళ్లు ఆమెను పొగుడుతున్నామనే అనుకుంటారు. ఏ స్వరం వదలాలో, ఏ మాట ఆలస్యం చేయాలో ప్రతిసారీ ఎంచుకున్న పనితనాన్ని ఆ పొగడ్త చెరిపేస్తుంది.

దీనికి సాక్ష్యం కావాలంటే 1925 జనవరి 14న రికార్డు చేసిన ‘సెయింట్ లూయీ బ్లూస్’ వినాలి. డబ్ల్యూ. సి. హ్యాండీ స్వరపరచిన ఈ పాట అప్పటికే లోకమంతా పాడేసింది. బెస్సీ దాన్ని వేగం బాగా తగ్గించి అందుకుంది. ఫ్రెడ్ లాంగ్‌షా రీడ్ ఆర్గాన్ వాయించాడు. మన నాటకాల హార్మోనియానికి అది దగ్గర చుట్టం. కార్నెట్ మీద ఇరవై మూడేళ్ల లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. మొత్తం రికార్డులో ఈ ముగ్గురే. ఆమె ఒక్కో వాక్యం ముగించగానే ఆర్మ్‌స్ట్రాంగ్ దానికి వేరే జవాబు చెబుతాడు, ఒకసారి ఓదార్పుగా, ఒకసారి వాదనగా. తర్వాతి కాలంలో ప్రపంచమే మెచ్చిన ఆ వాద్యకారుడు ఇక్కడ ఆమె నడకకు లోబడి నడుస్తాడు. 1927 ఫిబ్రవరిలో జేమ్స్ పి. జాన్సన్ పియానోతో పాడిన ‘బ్యాక్‌వాటర్ బ్లూస్’ ఇంకో రకం సాక్ష్యం. అది ఆమె సొంత పాట. వరదలో ఇల్లు పోగొట్టుకున్న మనిషి మాటల్లో సాగుతుంది. రెండు నెలల తర్వాత మిసిసిపీ నది గట్లు తెగి లక్షలాది మంది నిర్వాసితులయ్యారు. ఈ రికార్డు వాళ్ల పాట అయిపోయింది. ఆ వరద గురించే రాసిందని చాలాకాలం అనుకున్నారు. తేదీలు చూస్తే అది కుదరదు. 1926 క్రిస్మస్ సమయంలో నాష్‌విల్ దగ్గర కంబర్లాండ్ నదికి వచ్చిన వరద దానికి మూలమని పరిశోధకులు నిర్ధారించారు. ఒక ఊరి కష్టాన్ని ఊరి పేరు లేకుండా రాసింది కాబట్టే అది మరో నది ఒడ్డున కూడా సరిపోయింది.

బెస్సీ పాటను పెద్ద పట్టణాల నల్ల మధ్యతరగతి అంతగా మెచ్చలేదు. నల్లవాళ్ల యాజమాన్యంలో గర్వంగా నడిచిన ‘బ్లాక్ స్వాన్’ కంపెనీ ఆమె గొంతు మరీ మొరటని తిప్పి పంపింది. మద్యం గురించి, కొట్టే మొగుళ్ల గురించి, తన కోరికల గురించి బాహాటంగా పాడే ఆడది తమ జాతికి మర్యాద తేదని వాళ్ల భయం. తెల్ల సమాజం ప్రతి లోపాన్నీ భూతద్దంలో చూస్తున్న కాలంలో ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ 1926లో కవి లాంగ్‌స్టన్ హ్యూస్ తన ప్రసిద్ధ వ్యాసంలో బెస్సీ పేరెత్తి, ఇలాంటి గొంతులు మర్యాదస్తుల మూసిన చెవుల్లోకి చొచ్చుకుపోవాలని కోరుకున్నాడు. 1998లో పరిశోధకురాలు ఏంజెలా డేవిస్ మా రైనీ, బెస్సీల పాటలన్నీ దగ్గర పెట్టుకుని పరిశీలించి, పెళ్లీ పిల్లలే ఆడదాని గమ్యమనే ఊసు వాటిలో అరుదనీ, ఇంటి నాలుగు గోడల మధ్య హింసను నలుగురిలో మాట్లాడదగిన విషయంగా ఆ పాటలు మార్చాయనీ చూపించింది. నేను డేవిస్ పక్షమే. మొరటుతనం అని తోసిపుచ్చింది ఆ పాటల్లోని నిజాన్నే. కొనుక్కున్న లక్షల మందికి అది ముందే తెలుసు.

ఆ లక్షల సంగతికి వద్దాం. 1920 ఆగస్టులో మామీ స్మిత్ అనే గాయని ‘క్రేజీ బ్లూస్’ పాడేదాకా నల్లవాళ్లు రికార్డులు కొంటారని కంపెనీలు అనుకోలేదు. అది విపరీతంగా అమ్ముడయ్యాక అందరూ బ్లూస్ గాయనుల కోసం పరుగులు పెట్టారు. 1923 ఫిబ్రవరి 16న కొలంబియా కంపెనీ స్టూడియోలో, మైకు ఇంకా రాని కాలంలో, ఒక గరాటులోకి బెస్సీ పాడిన ‘డౌన్‌హార్టెడ్ బ్లూస్’ ఆరు నెలల్లో 7,80,000 ప్రతులు అమ్ముడైందని లెక్క. రికార్డు రెండో వైపున ‘గల్ఫ్ కోస్ట్ బ్లూస్’. ఆ పాట రాసిందీ, అమ్ముకున్నదీ, పియానో వాయించిందీ, బెస్సీని కంపెనీకి తెచ్చిందీ క్లారెన్స్ విలియమ్స్ అనే మధ్యవర్తి. కంపెనీ వాడుకున్న ప్రతి పాటకూ ఆమెకు 125 డాలర్లు. అందులో సగం విలియమ్స్ తన జేబులో వేసుకుంటున్నాడని తెలిసి బెస్సీ, ఆమెకు కాబోయే భర్త జాక్ గీ అతని ఆఫీసుకు వెళ్లి నాలుగు తగిలించి మరీ ఆ ఒప్పందం నుంచి బయటపడ్డారు. తర్వాత కొలంబియా మేనేజరు ఫ్రాంక్ వాకర్ ఆమెతో నేరుగా ఒప్పందం రాసుకున్నాడు. రేటు కొన్నేళ్లలో 200 డాలర్ల దాకా పెరిగింది. కానీ ఒప్పందం నమూనాలో ఉన్న రాయల్టీ నిబంధనను కొట్టేశారు. పాడినందుకు ఒకసారి కూలి. అమ్మకాలతో ఆమెకు ఇక సంబంధం లేదు.

ఇక్కడ లెక్క వేయడం కష్టం కాదు. రికార్డు ధర 75 సెంట్లు. 7,80,000 ప్రతులంటే దుకాణాల్లో చేతులు మారిన సొమ్ము 5,85,000 డాలర్లు. రెండు వైపులకూ కలిపి పాడినామెకు దక్కాల్సింది 250. ప్రతికి ఒక్క సెంటు ఇచ్చి ఉన్నా 7,800 అయ్యేది. 1909 నాటి కాపీరైటు చట్టం ప్రకారం పాట హక్కుదారుకు ప్రతి మీద రెండు సెంట్లు రావాలి. పూర్తి రేటు కడితే ఒక్కో పాటకు 15,600 డాలర్లు. పాడినవాళ్లకు ఆ చట్టంలో చోటే లేదు. ‘డౌన్‌హార్టెడ్ బ్లూస్’ అప్పటికి కొత్త పాట కూడా కాదు. ఆల్బెర్టా హంటర్, లవీ ఆస్టిన్ కలిసి రాసిన దాన్ని హంటర్ ముందు ఏడాదే వేరే కంపెనీకి పాడింది. ఆ రికార్డు బజారులో ఉండగానే జనం బెస్సీ రికార్డు కోసం బారులు తీరారు. పాట అదే, మాటలు అవే. కొన్నవాళ్లు 75 సెంట్లు పెట్టింది ఆమె దాన్ని ఎలా విరిచింది, ఎక్కడ ఆపింది, ఎలా వదిలింది అన్నదాని కోసమే. కొత్తగా పుట్టిన విలువంతా పాడటంలో ఉంది. చట్టం కాగితం మీది స్వరాన్ని ఆస్తిగా గుర్తించింది, గొంతులోని పనితనాన్ని కూలిపనిగా లెక్కగట్టింది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, ఆ రోజుల్లో ఆచారం అంతేనని. అది సగమే నిజం. విక్టర్ కంపెనీ ఒపెరా గాయకుడు కరూసోకు 1900ల మొదటి దశకం నుంచే రాయల్టీ ఇచ్చేది. గాయకుడికి అమ్మకాల్లో వాటా అనే ఆలోచన తెలియక కాదు. కొలంబియా నమూనా ఒప్పందంలోనే ఆ నిబంధన ఉంది కాబట్టే దాన్ని కొట్టేయాల్సి వచ్చింది. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి అక్కర్లేదు అన్నది మనిషిని చూసి తీసుకున్న నిర్ణయం. రెండో అభ్యంతరం, నష్టభయం కంపెనీది కదా అని. కొలంబియా 1923లో దివాళా అంచున ఉన్న మాట వాస్తవం. ఆ అక్టోబరులో కోర్టు నియమించిన రిసీవరు చేతిలోకి వెళ్లింది. ఆ గడ్డు కాలంలో కంపెనీని నిలబెట్టినవాటిలో బెస్సీ రికార్డులు ముఖ్యమైనవని చరిత్రకారులు రాశారు. పైగా రాయల్టీ అంటేనే అమ్మితే ఇచ్చేది. అమ్ముడుపోకపోతే ఒక్క పైసా ఇవ్వనక్కర్లేదు. నష్టభయం ఉన్న కంపెనీకి అంతకంటే సురక్షితమైన పద్ధతి ఏముంది?

మూడోది బలమైన అభ్యంతరం. ఆమె పేదరాలు కాదు. వారానికి 2,000 డాలర్ల దాకా స్టేజీ మీద సంపాదించిన రోజులున్నాయి. తన కాలంలో అంత ఆదాయమున్న నల్ల కళాకారులు మరొకరు లేరంటారు. 1925లో బృందం కోసం 78 అడుగుల రైలు పెట్టె సొంతానికి కొన్నది. తాగింది, బంధువులకు పంచింది, భర్త చేతిలో పోసింది. డబ్బు నిలుపుకోలేకపోతే కంపెనీ తప్పా? రైలు పెట్టె విలాసంగా కనిపిస్తుంది కానీ, దక్షిణాదిలో నల్లవాళ్లకు హోటల్లో గది ఇవ్వరు. నలభై మంది పడుకోవడానికీ తినడానికీ అది ఏర్పాటు. స్టేజీ ఆదాయమంతా ఆమె ఒళ్లు వంచి ఆ రాత్రికి ఆ రాత్రి సంపాదించిందే. బృందం జీతాలు, ప్రయాణాలు పోను మిగిలింది ఆమెది. ఆమె నిద్రపోతున్నప్పుడు, జబ్బుపడ్డప్పుడు, వయసు మళ్లాక కూడా సంపాదించి పెట్టగలిగింది రికార్డు ఒక్కటే. ఆ ఒక్కదాని ఫలమే ఆమెకు దక్కలేదు. కొలంబియాకు ఆమె పాడిన పాటలు సుమారు 160. అన్నిటికీ గరిష్ఠమైన 200 డాలర్ల రేటే కట్టినా మొత్తం 32,000 దాటదు. ఆమె ఖర్చు మనిషి అన్నది వేరే విషయం. రాని డబ్బును ఎవరూ దుబారా చేయలేరు.

ఆమె అమాయకురాలు కాదు, పిరికిది అంతకన్నా కాదు. 1927 జూలైలో నార్త్ కరోలినాలోని కాంకర్డ్ అనే ఊళ్లో ఆమె డేరా బయట తెల్ల ముసుగుల కు క్లక్స్ క్లాన్ మనుషులు గుంజలు పీకుతుంటే, తానే వెళ్లి తిట్టి, పిడికిలి ఆడించి వాళ్లను తరిమేసి, మళ్లీ వచ్చి పాట అందుకుందని ఆల్బర్ట్‌సన్ రాశాడు. విలియమ్స్‌ను ఏం చేసిందో చూశాం. మరి వాకర్‌తో ఎందుకు తగాదా పడలేదు? అతను గౌరవంగా మాట్లాడేవాడు, ఆమె డబ్బు దాచి పెట్టడంలో సలహా ఇచ్చేవాడు, ఆమె అతన్ని ఆప్తుడిగా నమ్మింది. మోసం ముఖంతో ఎదురొస్తే ఎదిరించే ధైర్యం ఆమెకు పుష్కలంగా ఉంది. ఒప్పందంలో ఒక గీత కింద పోయిన హక్కుకు ముఖం లేదు. దాని గురించి చెప్పాల్సిన న్యాయవాదీ సంఘమూ చట్టమూ ఆమె దరిదాపుల్లో లేవు.

1929 తర్వాత ఆ గీత విలువ బయటపడింది. టాకీలు వచ్చాయి, ఆర్థిక మాంద్యం వచ్చింది, నల్లవాళ్ల థియేటర్ల సర్క్యూట్ కుప్పకూలింది. అమెరికాలో 1927లో పది కోట్లకు పైగా ఉన్న రికార్డుల అమ్మకం 1932కు 60 లక్షలకు పడిపోయింది. ఆమె ఏకైక సినిమా ‘సెయింట్ లూయీ బ్లూస్’ 1929లో వచ్చింది. అదే ఏడు బ్రాడ్వేలో నటించిన ‘పాన్సీ’ మూడు రోజుల ముచ్చటగా ముగిసింది. 1931లో కొలంబియా ఆమెను వదులుకుంది. 1933 నవంబరు 24న హామండ్ పిలిచి నాలుగు పాటలు పాడించాడు, ఒక్కోదానికి 37.50 డాలర్లు. మూడు రోజుల తర్వాత అదే హామండ్ బిల్లీ హాలిడే అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి చేత మొదటి పాట పాడించాడు. ఒక తరం ముగిసి ఇంకో తరం మొదలైందని ఈ రెండు తేదీలనూ జతచేయడం పరిపాటి. ఆ నాలుగు పాటలు వింటే మాత్రం ముగిసిపోతున్న గొంతు వినపడదు. స్వింగ్ బాణీలో, హుషారైన బ్యాండుతో, ఆమె కొత్త కాలానికి తగ్గట్టు అడుగు మార్చుకుంది. 1936లో న్యూయార్క్‌లోని కానీస్ ఇన్‌లో జబ్బుపడ్డ హాలిడే స్థానంలో పాడి మెప్పు పొందింది. మరణించేనాటికి ఆమె పాడుతూనే, ఊరూరా తిరుగుతూనే ఉంది. ఆ హైవే మీద ఉన్నది కూడా పని మీదే.

ఫిలడెల్ఫియాలో ఆమె శవయాత్రకు వేలమంది వచ్చారు. ఆ తర్వాత ముప్ఫై మూడేళ్లు ఆమె సమాధి మీద పేరున్న రాయి లేదు. రాయి కోసం వసూలైన డబ్బు విడిపోయిన భర్త చేతిలో మాయమైందని జీవిత చరిత్రలో ఉంది. 1970 ఆగస్టులో గాయని జానిస్ జోప్లిన్, చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో పనిచేసిన జువానిటా గ్రీన్ కలిసి ఖర్చు పెట్టుకుని రాయి వేయించారు. ఆ ఏడాదే కొలంబియా ఆమె పాటలన్నిటినీ కొత్తగా శుభ్రం చేసి ఎల్పీ రికార్డులుగా విడుదల చేయడం మొదలుపెట్టింది. అవి బాగా అమ్ముడయ్యాయి, బహుమతులు తెచ్చాయి. ఆమె పెంపుడు కొడుకు, వారసత్వ ప్రతినిధులు కొలంబియా యాజమాన్యమైన సీబీఎస్ మీద బాకీ కోసం ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో దావా వేశారు. 1979లో తీర్పు వచ్చింది. కాలదోషం పట్టిందని కోర్టు దావాను కొట్టేసింది. వారసులు ఆలస్యం చేశారన్నది చట్టప్రకారం సరైన మాటే కావచ్చు. కానీ 1923లో అడగాలంటే ఆమెకు చట్టమే లేదు, 1979లో అడిగితే గడువు లేదు. ఈ రెండింటి మధ్య ఆ అన్యాయాన్ని విచారించడానికి వీలున్న ఒక్క రోజు కూడా ఆమెకో ఆమె వారికో దొరకలేదు.

అమెరికాలో పాత రికార్డుల హక్కులను 2018 చట్టం క్రమబద్ధం చేసింది. దాని ప్రకారం 1923 నాటి రికార్డుల గడువు నూరేళ్లు నిండి, 2024 జనవరి 1 నుంచి అవి అందరి సొత్తు అయ్యాయి. బెస్సీ మొదటి రికార్డూ అందులోనే ఉంది. ఇప్పుడు దాన్ని ఎవరైనా వినవచ్చు, పంచవచ్చు, కొత్తగా అచ్చువేసుకోవచ్చు. ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు. ఈ నూరేళ్లూ ఆ రికార్డు మీద హక్కు కంపెనీ నుంచి కంపెనీకి మారుతూ వచ్చింది, ప్రతిసారీ అమ్ముడైంది, ప్రతి కొత్త సాంకేతికతతోనూ మళ్లీ అమ్ముడైంది. ఆ రెండు పాటలకు పాడినామెకు లెక్కగట్టిన మొత్తం 250 డాలర్లు, అందులోనూ సగం మధ్యవర్తి పట్టుకుపోయాడు.